తాగనివాడికి కట్టిన కాపు

మా ఆయన సారాయి ముట్టడు. కల్లు ముట్టడు. పెళ్ళిళ్ళలో సోడా ఇస్తే కడుపు ఉబ్బరమని సగం తాగి పక్కన పెట్టేస్తాడు. అలాంటి మనిషిని మావాళ్ళంతా కలిసి తిరుత్తణి కొండ ఎక్కించి, చేతికి పసుపు దారం కాపు కట్టించి, ఇకమీదట తాగనని కర్పూరం ఆర్పించి మరీ ప్రమాణం చేయించారు. ఆ కొండ మీదే మురుగయ్య స్వామి కోపం చల్లారిందని చెబుతారు. నాకైతే అక్కడే మండింది.

మా ఆయన పేరు కేశవన్. తిరువళ్లూరులో స్టేషన్‌కు పోయే దారిలో మోటార్లకు కాయిల్ కట్టే కొట్టు నడుపుతాడు. కొట్టు మాత్రం మా అన్న దండపాణిది. అన్నకు ఆరణి దగ్గర ఇటుక బట్టీ ఉంది. చెల్లెలి మొగుడు ఏ కంపెనీలోనూ నిలవడం లేదని చూసి, పనైతే తెలిసినవాడే కదా అని ఈ కొట్టు పెట్టించాడు. నేను ఊరి బయట బిస్కెట్ల కంపెనీలో ప్యాకింగ్ పనికి వెళ్తాను. నేను వెళ్తేనే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

పొలాల్లో మోటారు కాలిపోతే రైతులు దాన్ని బండిలో వేసుకుని వస్తారు. కాలిన తీగంతా పెరికేసి, కొత్త రాగి తీగను లెక్క తప్పకుండా చుట్టి, మోటారు లోపలి గాడుల్లో కూర్చి, వార్నిష్ పోసి ఆరబెట్టాలి. లెక్క తప్పితే మళ్ళీ మొదటికి రావాలి. ఆయన చెయ్యి మంచిది. ఆయన కట్టిన మోటారు మళ్ళీ కాలిందని ఎవరూ తిరిగి రాలేదు. చిక్కంతా ఆ కట్టడం పూర్తి కావడంలోనే ఉంది.

తీగ చుడుతూ ఉంటాడు. వీధిలో ఎవడో మైకు సెట్టు కట్టడానికి నిచ్చెన వేస్తాడు. ఈయన తీగ చేత్తో పట్టుకునే గడప దాకా వస్తాడు, తీగ వదిలేసి నిచ్చెన పట్టుకుంటాడు, సాయంత్రం దాకా ఆ మనిషితో తిరిగి వీధి వీధికీ హారన్లు కట్టి వస్తాడు. అప్పుడు గుర్తొస్తుంది, కొట్టు తెరిచి పెట్టి పోయానని. కిరసనాయిలుకు డబ్బా పట్టుకుని వెళ్తే డబ్బా కూడా లేకుండా వస్తాడు. ఒకసారి చిన్నపిల్లకు జ్వరమని మందుకు పంపాను. దారిలో ఎవరిదో సైకిల్ చైను సరిచేసి, చేతుల నిండా గ్రీజుతో వచ్చి, గుమ్మంలో నన్ను చూశాక మందు సంగతి తలుచుకున్నాడు. ఆ రోజు నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. ఆయన పరుగెత్తి మందు తెచ్చి, పిల్ల పాదం పట్టుకుని ఏడ్చాడు. పెళ్ళాం పిల్లలంటే లెక్కలేని మనిషైతే నా పని తేలికగా ఉండేది. తిట్టేసి ఊరుకునేదాన్ని.

ప్రభుత్వం నిషేధం ఎత్తేసి సారాయి కొట్లు మళ్ళీ తెరిచిన కాలం అది. ఈయన ఒంటి మీద ఎప్పుడూ వార్నిష్ వాసన. ఆ ఘాటుకు కళ్ళు ఎర్రగా ఉంటాయి. ఒకటి అడిగితే ఇంకొకటి చెబుతాడు. నడుస్తూ నడుస్తూ దారి మధ్యలో ఆగిపోయి వెనక్కి తిరుగుతాడు. ఊరికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? కేశవన్ తాగుతాడని ఒకరు అన్నారు, అందరూ అన్నారు.

ఊత్తుకోట వైపు పల్లె నుంచి మునుస్వామి అని ఒక రైతు మోటారు తెచ్చి వేశాడు. ఈయన రేపు రా, ఎల్లుండి రా అంటూ ఉండగానే ఆ రైతు మిరపతోట ఎండిపోయింది. కొట్టు ముందు నిలబడి వీధి అంతా వినేలా అరిచి, అక్కడితో ఆగక ఆరణికి బస్సెక్కి మా అన్నకు చెప్పుకున్నాడు. అన్న మర్నాడే దిగాడు. కొట్లో సగం విప్పి పారేసిన మోటార్లు చూశాడు. ఇంటికి వచ్చి చెప్పు కూడా విడవకుండా చెప్పాల్సింది చెప్పాడు.

"తాగినోడితో నా చెల్లెలు కాపరం చేసేదానికి లేదు. ఈ పద్ధతి మారకపోతే కొట్టుకు తాళం ఏస్తా, నిన్నూ పిల్లల్నీ ఆరణికి పిల్చుకపోతా. కేశవన్ వాళ్ళమ్మతో ఉండనీ."

ఆయన తాగడన్నా అని నేను ఎంత మొత్తుకున్నా వినలేదు. తాగకపోతే మరి ఏమి అని అడిగాడు. నాకు తెలిసిందల్లా, ఆ మనిషిని వదిలి నేను ఆరణికి పోను. అన్న ప్రశ్నకు జవాబు డాక్టర్ల దగ్గర ఉంటుందని అనుకున్నాను. నా వెర్రి.

ఊళ్ళో డాక్టరు నాడి పట్టుకోకముందే ముక్కు చిట్లించి, ముందు అలవాటు మానుకో అన్నాడు, టానిక్ రాసిచ్చాడు. కళ్ళ డాక్టరు కళ్ళు బాగున్నాయన్నాడు. అప్పుడు నేను కంపెనీకి లీవు పెట్టి, మా అత్త తాయమ్మను కూడా వెంటబెట్టుకుని, ముగ్గురం మద్రాసు రైలెక్కి పెద్దాసుపత్రికి వెళ్ళాం. మెదడుకు సంబంధించిన డాక్టర్లు అక్కడ ఉంటారని కంపెనీలో ఎవరో చెప్పారు.

పొద్దున కూర్చుంటే మధ్యాహ్నానికి పిలుపు వచ్చింది. పెద్ద డాక్టరు అడిగిన మొదటి మాట ఎన్నేళ్ళుగా తాగుతున్నావని. తాగనని ఈయన చెప్పాడు. చెవుల్లో మాటలు వినిపిస్తాయా అన్నాడు. లేదన్నాడు. ఈ నెల ఏది, మన ముఖ్యమంత్రి ఎవరు, నూరు నుంచి వెనక్కి లెక్కపెట్టు అన్నాడు. అన్నీ సరిగ్గా చెప్పాడు ఈయన. ఇంటికి వచ్చే దారి మరిచిపోయే మనిషి అక్కడ మాత్రం బడిపిల్లాడిలా గడగడా అప్పజెప్పాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. జబ్బేమీ లేదు, ఒళ్ళు వంచి పని చెయ్యమను అని డాక్టరు నాతో అన్నాడు.

పక్కన కూర్చున్న చిన్న డాక్టరమ్మ మాత్రం మా వెనకాలే వరండాలోకి వచ్చింది. తమిళంలో మా అత్తను అడగడం మొదలుపెట్టింది, చిన్నప్పుడు ఎలా ఉండేవాడని. మా అత్తకు అంతకన్నా కావలసిందేముంది? పనికి పోయేటప్పుడు కాలికి పాత చీర పేలిక కట్టి స్తంభానికి కట్టేసేదాన్నని, బడిలో అయ్యవారు బెంచీ మీద కాకుండా గుమ్మంలోనే కూర్చోబెట్టేవాడని, పలక పోగొట్టని వారం లేదని, అన్నం తింటూ తింటూ లేచి పిల్లి వెంట వెళ్ళిపోయేవాడని వరసగా చెప్పుకుపోయింది. డాక్టరమ్మ ముఖం వెలిగింది. ఇది చాలామంది పిల్లల్లో ఉండేదే, మనసు ఒకచోట నిలవకపోవడం, పెద్దయ్యాక పోతుందని మాకు చెబుతారు, కొందరిలో పోదని బయటి దేశాల పుస్తకాల్లో ఈమధ్యే రాస్తున్నారు, మీవారిది అదేననిపిస్తోంది అంది. పెద్దాయనతో మాట్లాడి వస్తానని లోపలికి పోయింది.

నేను అప్పుడు పడ్డ సంతోషం చెప్పలేను. అంటే ఇది సోమరితనం కాదు, తాగుడు కాదు, పొగరు కాదు. దానికొక పుస్తకం ఉంది. ఆయన కూడా బెంచీ మీద ముందుకు జరిగి, ఆ తలుపు మీద నుంచి చూపు తిప్పకుండా కూర్చున్నాడు. ఆయన అంతసేపు ఒక్క చోటు చూడటం నేనెప్పుడూ ఎరగను.

డాక్టరమ్మ బయటికి వచ్చింది, ముఖం ఎర్రగా ఉంది. ముప్పై దాటిన మగవాడికి పిల్లల జబ్బేమిటని పెద్దాయన కోప్పడ్డాడట. దీనికి మందు ఇవ్వడానికి తనకు వీల్లేదని, పెద్దవాళ్ళకు ఏం చెయ్యాలో తనకూ తెలియదని చెప్పింది. "నేను మాత్రం మిమ్మల్ని నమ్ముతున్నాను" అంది. ఆమె మంచిది. అయినా నాకు ఆమె మీదే ఎక్కువ కోపం వచ్చింది. నమ్మి ఏం చెయ్యను? ఆ నమ్మకాన్ని తీసుకెళ్ళి మా అన్నకు చూపించనా?

తిరుగు రైల్లో మా అత్త నిద్రపోయింది. ఆవడి దాటాక ఆయన నన్ను పేరు పెట్టి పిలిచాడు.

"ధనం, రోగం లేదంటే, ఇంక అంతా నేనే కదా" అన్నాడు.

నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఏమైనా చెప్పి ఉండాల్సింది.

జబ్బు లేదని పెద్దాసుపత్రిలోనే చెప్పారని తెలిశాక అన్నకు అనుమానమే లేకుండా పోయింది. మా కుటుంబాల్లో మగవాడు తాగుడుకు పడితే ఐప్పసి నెలలో, దీపావళి అయ్యాక వచ్చే కందషష్టికి తిరుత్తణి తీసుకెళ్తారు. పసుపు దారంతో కాపు కడతారు. కర్పూరం వెలిగించి, అరచేత్తో దాన్ని ఆర్పి ప్రమాణం చెయ్యాలి. సంక్రాంతి తర్వాత వచ్చే తై కృత్తిక దాకా ఆ కాపు చేతికి ఉండాలి. భార్య తరఫు మగవాడొకడు అతనికి పూచీ నిలబడాలి. నిలబడినవాడు ఆ నెలలన్నీ పగలంతా అతన్ని కనిపెట్టుకుని ఉండాలి. కాపు విప్పాక ఎప్పుడైనా తాగుడుకు పోతే మళ్ళీ కట్టించి, మళ్ళీ తోడుండాలి. మధ్యలో వదిలేస్తే పాపం పూచీ పడ్డవాడికే చుట్టుకుంటుందని గట్టి నమ్మకం. అన్న తానే నిలబడతానన్నాడు. మా వైపు అప్పుడే వానాకాలం, బట్టీ ఎటూ మూసి ఉంది.

నేను ఒప్పుకోలేదు. ఒప్పుకున్నది ఈయనే. నాకు పిచ్చెత్తినట్టయింది. చెయ్యని తప్పుకు ప్రమాణం ఏమిటని నిలదీశాను. ఆయన అరవలేదు.

"తాగుబోతైతే కొండకన్నా పిల్చుకపోతారు. నాదానికి ఎవురూ యాడికీ పిల్చుకపోవడం లేదు కదా" అన్నాడు.

కొండ మీద అర్చకుడు చెప్పమన్న మాట రెండు ముక్కలు. ఇంతవరకూ తాగాను, ఇకమీదట తాగను. ఈయన రెండో ముక్క చెప్పి ఆగాడు. అర్చకుడు మొదటిది కూడా చెప్పమన్నాడు. అన్న భుజం తట్టి, పరవాలేదు, స్వామి ముందర సిగ్గేల అన్నాడు. మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఈయన నా వైపు ఒకసారి చూసి, ఇంతవరకూ తాగినానని గొణిగి, మంట మీద చెయ్యి పెట్టాడు. చుట్టూ ఉన్నవాళ్ళు చెంపలు వేసుకున్నారు.

ఇక్కడి నుంచే కథ అడ్డం తిరిగింది. అన్న రోజూ పొద్దున్నే వచ్చి కొట్లో స్టూలు మీద కూర్చునేవాడు. మోటార్ల గురించి ఆయనకు ఓనమాలు తెలియవు. పేపరు చదువుతాడు, వక్కాకు నములుతాడు, వీధిలో పోయేవాళ్ళను పలకరిస్తాడు. ఈయన తీగ చుడతాడు. మైకు సెట్టు వాడు నిచ్చెన వేస్తే ఈయన తల ఎత్తుతాడు, ఎదురుగా అన్న కనిపిస్తాడు, మళ్ళీ తల దించుతాడు. అంతే. ఇంకేమీ లేదు. మునుస్వామి మోటారు అయిపోయింది. దాని వెనక ఉన్నవీ అయిపోయాయి. కార్తీకం పోయేసరికి కొట్లో నేల కనిపించింది. ఈయన వేళకు ఇంటికి వచ్చి, పిల్లలతో కూర్చుని అన్నం తిని, కొత్తగా పెళ్ళయినవాడిలా నన్ను చూసి నవ్వేవాడు.

ఒక రోజు అన్న పంచాయతీ ఆఫీసు పని మీద వెళ్ళాడు. ఆ రోజు ఈయన ఒక మోటారు విప్పి, దాన్ని వదిలి ఇంకొకటి విప్పి, కొట్టు వెనక గోడకు సున్నం కొట్టడం మొదలుపెట్టాడు. అప్పుడు నాకు అర్థమైంది. రాత్రి అడిగితే ఆయన కూడా అదే చెప్పాడు.

"పక్కన ఒక మనిషి సుమ్మా ఊరికే కూర్చోనుంటే చాలు, నా మనసు కొట్లోనే ఉంటాది. లేకపోతే అది యాడికి పోతాదో నాకే తెలీదు."

డాక్టరమ్మకు తెలియని మందు మా కొట్లో స్టూలు మీద కూర్చుని వక్కాకు నములుతోంది. ఆ సంగతి అన్నకు చెబితే చెంపలు వేసుకున్నాడు. గుట్ట మీది స్వామి చేసింది తాను చేశానని చెప్పొద్దన్నాడు. తై కృత్తిక వచ్చింది. మళ్ళీ కొండెక్కి కాపు విప్పించారు. అన్న దారి పొడుగునా కనిపించిన ప్రతివాడికీ చక్కెర పొంగలి పంచి, చెల్లెలి మొగుడు బాగుపడ్డాడని చెప్పాడు. మర్నాటి నుంచి బట్టీలో పని మొదలైందని వెళ్ళిపోయాడు.

నేను వెనకాలే ఆరణికి వెళ్ళి బతిమాలాను. ఇప్పుడే రైతులకు మోటార్లతో పని పడే కాలం, నువ్వు లేకపోతే పని ముందుకు సాగదు, వారానికి సగం రోజులైనా రమ్మన్నాను. మానేసినోడికి కాపలా పెడితే ఆయనకే అవమానం కదా అన్నాడు అన్న. ఆయన ఎప్పుడూ తాగలేదన్నా, ఆయన జబ్బు వేరన్నా అని మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. అన్న ముఖం ముడుచుకుపోయింది.

"అంటే స్వామి ముందర నేను అబద్ధపు సత్తెప్రమాణం చేయించినానంటావా? ఆ పాపం నా నెత్తిన పెట్టేదానికి ఇంత దూరం వచ్చినావా?"

బస్సెక్కి వచ్చేశాను.

నేను కూర్చుందామంటే కంపెనీ మానాలి. కంపెనీ మానితే తినేదేమిటి? మా అత్తను కూర్చోబెట్టాను. ఆమె స్టూలెక్కిన కాసేపటికే గురక పెట్టేది. తల్లికి దుప్పటి కప్పి, నిద్ర చెడుతుందని చప్పుడు చెయ్యకుండా ఈయన బయటికి నడిచేవాడు. నేను నవ్వలేదు. ఇప్పుడు కూడా నవ్వు రాదు. శివరాత్రి వచ్చే మాసి నెలకు కొట్టు మళ్ళీ సగం విప్పిన మోటార్లతో నిండింది. మునుస్వామి రెండో మోటారు తెచ్చి వేశాడు, ఈసారి ఎండింది వంగతోట. ఆయన వచ్చి అరిచిపోయిన సాయంత్రమే అన్న నుంచి కబురు వచ్చింది. తాగుడు మానేసినోడికి కూడా పని చెయ్యడానికి ఒళ్ళు వంగకపోతే తాను చేసేదేమీ లేదు, శుక్రవారం తాళం పట్టుకుని వస్తున్నాను, పిల్లల బట్టలు సర్దిపెట్టుకో అని.

గురువారం నేను షిఫ్టు దిగి వస్తుంటే, మీ ఆయన సారాయి కొట్లో ఉన్నాడని దారిలో ఇద్దరు ముగ్గురు ఆపి మరీ చెప్పారు. వాళ్ళకు పండగలా ఉంది. నేను టిఫిన్ డబ్బా చేత్తోనే అక్కడికి పోయాను. ఆడది గుమ్మంలోకి వచ్చేసరికి తాగేవాళ్ళు పక్కకు జరిగి దారి ఇచ్చారు. ఈయన బెంచీ చివర కూర్చుని ఉన్నాడు. ముందు గ్లాసు నిండుగా ఉంది. ఈయన దాన్ని చూస్తున్న తీరు చూస్తే, ఆముదం తాగమంటే పిల్లలు ఎలా చూస్తారో అలా ఉంది.

ఏం చేస్తున్నావని అడిగాను. అడగక్కర్లేదు, నాకు అప్పటికే అర్థమైపోయింది.

"నోటి దాకా తెస్తాండా, వాసనకే కడుపులో తిప్పతాంది" అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇది కూడా నాకు చాత కావడం లేదు ధనం. నువ్వు పోయి బావకు చెప్పు, తాగినానని చెప్పు. మళ్ళా కాపు కడతాడు. మళ్ళా వస్తాడు."

నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఈయన మీద, అన్న మీద, ముక్కు చిట్లించిన డాక్టరు మీద, నమ్మానని చెప్పి లోపలికి వెళ్ళిపోయిన డాక్టరమ్మ మీద. ఒళ్ళు బాగున్న మనిషి పక్కన ఇంకో మనిషి ఊరికే కూర్చోవడానికి ఎన్ని గుమ్మాలు తొక్కాలి? గ్లాసు తీసుకున్నాను. అది ఆయన చొక్కా మీద, మెడ నుంచి కిందికి పోశాను. తాగేవాళ్ళలో ఒకడు వృథా చేశానని నొచ్చుకున్నాడు. ఆయన కదలకుండా కూర్చుని పోయించుకున్నాడు. ఇంటికి పోయి ఆ చొక్కాతోనే పడుకో, పొద్దున దాకా విడవొద్దు అని చెప్పి, నేను ఆరణి బస్సెక్కాను.

అన్న బట్టీ దగ్గర కూలీలతో ఇటుకలు పేర్పిస్తున్నాడు. నన్ను చూడగానే ముఖం గట్టిగా పెట్టుకుని, బతిమాలడానికి వచ్చి ఉంటే లాభం లేదన్నాడు. నేను దారి పొడుగునా నోట్లో నాన్చుకున్న మాట చెప్పేశాను.

"మళ్ళా తాగినాడన్నా."

అన్న చేతిలో ఇటుక కింద పెట్టాడు. చేతులు దులుపుకున్నాడు. ముఖంలో గట్టితనమంతా పోయింది. ఎప్పటి నుంచి అని కూడా అడగలేదు.

"ఇది ముందే చెప్పాల్సింది కదమ్మా" అన్నాడు. "బట్టీ మేస్త్రీ చూసుకుంటాడు. రేపు పొద్దున్నే నేను కొట్లో ఉంటా. తాగినోడిని వదిలేస్తామా యాడన్నా? తాళం మాట మరిచిపో."

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. కోపంతో వచ్చిన ఏడుపు అది, పళ్ళు కొరుక్కున్నా ఆగలేదు. మొగుడు మళ్ళీ తాగుడుకు పడ్డాడని ఏడుస్తున్నాననుకుని అన్న దగ్గరికి వచ్చి, చిన్నప్పటిలాగా నా తల నిమిరాడు. ఏడవొద్దు, ఇట్లాంటోళ్ళను ఎట్లా దారికి తెచ్చుకోవాలో నాకు తెలుసులే అన్నాడు. ఆ చేతి కింద నుంచి నేను తల తీసుకోలేదు.